ఉప్పు, సారా, నల్లమందు: ఇండోచైనాలో ఫ్రెంచి ఖజానా ఎలా నిండింది?

హనోయి నగరంలో ఎర్రనది మీద లాంగ్ బియెన్ వంతెన ఉంది. పొడవు దాదాపు 1.7 కిలోమీటర్లు. 1899లో పని మొదలుపెట్టి 1902కల్లా ప్రారంభోత్సవం చేసేశారు. కట్టించిన గవర్నర్ జనరల్ పాల్ డూమేర్ పేరే అప్పట్లో దానికి పెట్టారు. వియత్నాంలో ఫ్రెంచి పాలన గురించి మాట ఎక్కడ వచ్చినా ఈ వంతెన, హైఫాంగ్ రేవు నుంచి చైనాలోని కున్‌మింగ్ దాకా వేసిన రైలుమార్గం, సైగాన్‌లోని పెద్ద భవనాలు తప్పకుండా చర్చకొస్తాయి. దోచుకుంటే దోచుకున్నారు, ఇవన్నీ కట్టించారు కూడా కదా అని ఎవరో ఒకరు అంటారు. కట్టించారు, నిజమే. మరి డబ్బు ఎవరిది? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే, చిక్కుముడిలా కనిపించే ఆ తొంభై ఏళ్ల పాలన చాలావరకు విడివడి అర్థమవుతుంది.

మొదట చిక్కుముడి సంగతి. నేటి వియత్నాం, కంబోడియా, లావోస్‌లను ‘ఫ్రెంచి ఇండోచైనా’ అని పటంలో ఒకే రంగు వేసి చూపిస్తారుగానీ అది ఒక్కసారిగా గెలుచుకున్న దేశం కాదు. 1858లో ఫ్రెంచి, స్పానిష్ నౌకలు డానాంగ్ రేవు మీద దాడి చేశాయి. మిషనరీలను రక్షించడం కోసమని చెప్పుకున్నారు. మరుసటి ఏడాది సైగాన్ చేజిక్కింది. 1862 ఒప్పందంతో వియత్నాం దక్షిణాన మూడు రాష్ట్రాలు, 1867లో ఇంకో మూడు కలిసి కొచ్చిన్‌చైనా అనే వలస ఏర్పడింది. ఈలోగా 1863లో కంబోడియా రాజు నరోదం ఒకవైపు సయాం (నేటి థాయ్‌లాండ్), ఇంకోవైపు వియత్నాం మింగేస్తాయన్న భయంతో ఫ్రెంచి రక్షణ ఒప్పుకున్నాడు. వియత్నాం ఉత్తరాన ఉన్న టోంకిన్, నడుమ ఉన్న అన్నాం 1883, 1884 ఒప్పందాలతో రక్షిత రాజ్యాలయ్యాయి. దాని కోసం చైనాతో యుద్ధమే చేయాల్సి వచ్చింది. 1887లో ఈ నాలుగింటినీ కలిపి ఇండోచైనా యూనియన్ అన్నారు. 1893లో సయాం మెడ మీద కత్తి పెట్టి లావోస్‌ను లాక్కుని అందులో చేర్చారు.

ఐదు ముక్కలకూ ఐదు రకాల పాలన. కొచ్చిన్‌చైనా నేరుగా ఫ్రెంచి వలస, అక్కడ ఫ్రెంచి చట్టం, పారిస్ పార్లమెంటుకు ఒక సభ్యుడు కూడా ఉండేవాడు. ఆ సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటు మాత్రం ఫ్రెంచి పౌరులకే. అన్నాంలో హుయె నగరంలో చక్రవర్తి సింహాసనం మీద ఉంటాడు, మాండరిన్ అధికారులు ఉంటారు, వాళ్ల పక్కనే ఫ్రెంచి రెసిడెంటు ఉంటాడు. తమకు నచ్చని చక్రవర్తిని ఫ్రెంచివాళ్లు దించేసేవారు. తిరుగుబాటుకు పిలుపునిచ్చిన హామ్ న్గీని 1888లో పట్టుకుని అల్జీరియాకు పంపారు. థాన్ థాయ్, దుయ్ తాన్ అనే తండ్రీ కొడుకులిద్దరినీ హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చేర్చారు. టోంకిన్‌లో పేరుకు చక్రవర్తి, పెత్తనం మాత్రం ఫ్రెంచి అధికారిది. కంబోడియాలో రాజు. లావోస్‌లో ఒక్క లుయాంగ్ ప్రబాంగ్‌లోనే రాజు, మిగతాదంతా రెసిడెంట్ల చేతిలో. చట్టాలు వేరు, కోర్టులు వేరు. ఒకే భాష మాట్లాడే వియత్నామీ మనిషి తన దేశంలోనే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లాలంటే కాగితాలు చూపించాలి. ఆఖరికి ‘వియత్నాం’ అనే పేరే పాలకుల రికార్డుల్లో లేదు.

ఇన్ని తేడాల మధ్య అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఖజానా. దాన్ని కట్టినవాడే ఆ వంతెన కట్టించిన డూమేర్.

డూమేర్ 1897లో గవర్నర్ జనరల్‌గా వచ్చేసరికి ఇండోచైనా ఫ్రాన్సుకు తలనొప్పిగా ఉంది. టోంకిన్ యుద్ధానికి అయిన ఖర్చు, చైనా సరిహద్దులోని లాంగ్ సోన్ దగ్గర సైన్యం వెనక్కి తగ్గిందన్న వార్త కలిసి 1885లో పారిస్‌లో జూల్ ఫెరీ ప్రభుత్వాన్నే కూల్చేశాయి. ఎక్కడో ఉన్న వలసల కోసం తమ పన్నులు తగలేయడం ఫ్రెంచి ఓటరుకు ఇష్టం లేదు. ఏ వలస ఖర్చు ఆ వలసే భరించుకోవాలని 1900లో చట్టమే చేశారు. డూమేర్ అంతకు ముందే ఆ పని మొదలుపెట్టాడు. 1898లో ఇండోచైనా మొత్తానికి సాధారణ బడ్జెట్ అని ఒకటి పెట్టాడు. భూమిశిస్తు, తలపన్ను లాంటివి ఐదు భాగాల స్థానిక బడ్జెట్లకు వెళ్తాయి. కస్టమ్స్ సుంకాలు, ఉప్పు, సారా, నల్లమందు మీద వచ్చేదంతా హనోయిలోని ఉమ్మడి ఖజానాకు చేరుతుంది. ఈ రాబడిని చూపించి ఫ్రాన్సు మార్కెట్లో 20 కోట్ల ఫ్రాంకుల అప్పు తెచ్చి రైళ్లకు పెట్టాడు. అప్పిచ్చినవాళ్లకు వడ్డీ వచ్చింది, ఇనుము అమ్మిన ఫ్రెంచి కంపెనీలకు ఆర్డర్లు వచ్చాయి. తీర్చాల్సింది మాత్రం ఉప్పు కొనుక్కునే రైతు.

ఉప్పుతోనే మొదలుపెడదాం. సముద్రతీరంలో ఉప్పు మళ్లు ఉన్నవాళ్లు పండించినదంతా సర్కారు చెప్పిన ధరకు సర్కారుకే అమ్మాలి. మళ్లీ అదే ఉప్పు కావాలంటే సర్కారు లైసెన్సున్న దుకాణంలో ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి కొనుక్కోవాలి. వియత్నాంలో ఉప్పంటే కూరలో చిటికెడు వేసుకునేది మాత్రమే కాదు. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే న్యుయోక్ మామ్ లేకుండా అక్కడ ముద్ద దిగదు. చేపలు ఎండబెట్టాలన్నా, నిల్వ చేయాలన్నా బస్తాల లెక్కన ఉప్పు కావాలి. ఉప్పు ధర పెంచడమంటే జాలరి బతుకు మీద, బీదవాడి కంచం మీద ఒకేసారి పన్ను వేయడం.

సారా కథ ఇంకా లోతైనది. ఇండోచైనాలో ఫ్రెంచి పాలన మామూలు మనిషికి ఎలా కనిపించేదో ఇక్కడ తెలుస్తుంది. బియ్యంతో సారా కాయడం టోంకిన్ పల్లెల్లో తరతరాల ఇంటిపని. పెళ్లికీ, చావుకీ, పితృదేవతల పూజకీ అది ఉండాల్సిందే. కాచగా మిగిలిన మడ్డి పందులకు మేత, ఆ పందులే ఇంటికి నాలుగు డబ్బులు. సైగాన్‌లో 1891లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన ఆల్బర్ట్ కాల్మెట్ ఈ సారా పులియడానికి కారణమైన బూజును పరిశీలించి వేరుచేశాడు. తర్వాతి కాలంలో బీసీజీ టీకా తయారుచేసిన ఇద్దరిలో ఒకడు ఈయనే. ఆ పరిజ్ఞానంతో బియ్యం నుంచి ఫ్యాక్టరీలో పెద్దఎత్తున సారా తీయడం వీలైంది. ఫోంటేన్ అనే వ్యాపారి పెట్టిన డిస్టిలరీల కంపెనీకి ఉత్తరాన సరఫరా హక్కు దక్కింది. ఇళ్లలో కాయడం నేరమైపోయింది.

ఫ్యాక్టరీ సారా శుభ్రమైనదని, గాఢత ఎక్కువని పాలకులు చెప్పారు. జనం మాత్రం నోట పెట్టుకోలేకపోయారు. వాసన లేదు, రుచి లేదు, దేవుడి ముందు పెట్టడానికి మనసొప్పదు. కొనకపోతే ఊరుకుంటారా అంటే, అదీ లేదు. ఫలానా ఊళ్లో ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇంత సారా అమ్ముడుపోవాలని లెక్క కట్టేవారు. అమ్మకం తగ్గిందంటే ఆ ఊళ్లో దొంగసారా కాస్తున్నారని అనుమానం. కస్టమ్స్ మనుషులు వచ్చి ఇళ్లు సోదా చేసేవారు. కుండలు పగలగొట్టేవారు. జరిమానా ఊరంతటి మీదా పడేది. ఆ జరిమానాల్లో సోదా చేసినవాళ్లకూ, సమాచారం ఇచ్చినవాళ్లకూ వాటా ఉండేది. దాంతో పగవాడి చేలో పులియబెట్టిన బియ్యం కుండ పాతిపెట్టి, తానే వెళ్లి కబురు చెప్పడం కూడా జరిగింది. పొరుగువాణ్ణి చూసి పొరుగువాడు భయపడే పరిస్థితి ఊళ్లలో వచ్చింది. ఖజానాకు వచ్చిన సొమ్ము లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా రాయరు, నా దృష్టిలో ఇదే పెద్దది.

నల్లమందు సంగతికి వస్తే ఇందులో మన దేశానికీ పాత్ర ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం గంగా మైదానంలో రైతులతో పండించి, కలకత్తాలో వేలం వేసిన నల్లమందునే ఫ్రెంచివాళ్లు కొని సైగాన్ తీసుకెళ్లేవారు. అక్కడ 1880ల నుంచి సర్కారువారి నల్లమందు ఫ్యాక్టరీయే ఉంది. ముడిసరుకును ఉడికించి, పీల్చడానికి వీలుగా చేసి, చిన్న డబ్బాల్లో నింపి లైసెన్సు దుకాణాల ద్వారా అమ్మించేవారు. కొన్నాళ్లకు చైనాలోని యున్నాన్ సరుకు కూడా వచ్చి చేరింది. గంగ ఒడ్డున ఒక వలస ప్రభుత్వం రైతుకు అడ్వాన్సు ఇచ్చి గసగసాల పంట వేయిస్తుంది, మెకాంగ్ ఒడ్డున ఇంకో వలస ప్రభుత్వం రిక్షా లాగేవాడి చేతికి గొట్టం ఇస్తుంది. డూమేర్ బడ్జెట్‌లో అతిపెద్ద ఆదాయాల్లో ఇదొకటి. వ్యసనాన్ని అదుపు చేయడానికే గుత్త మా చేతిలో పెట్టుకున్నామని అధికారులు అనేవారు. అయితే అమ్మకం పెరిగితేనే బడ్జెట్ నిలుస్తుంది కాబట్టి అదుపు చేసే ఉద్దేశం ఎంత ఉన్నా అది జరిగే పని కాదు.

వీటికి తోడు తలపన్ను, వెట్టి. ఏడాదికి ఇన్ని రోజులని రోడ్లకు, కాలువలకు కూలి లేకుండా పనిచేయాలి. తెలంగాణ పల్లెలకు వెట్టి అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. 1908 మార్చిలో నడిమి వియత్నాంలోని కువాంగ్ నామ్ రాష్ట్రంలో దాయ్ లోక్ రైతులు పన్ను తగ్గించాలని, వెట్టి తగ్గించాలని హొయి ఆన్‌లోని ఫ్రెంచి రెసిడెంటు కచేరీకి నడిచి వెళ్లారు. కదలిక పక్క రాష్ట్రాలకూ పాకింది. చాలామంది కొత్త కాలానికి గుర్తుగా పొడవాటి జుట్టు కత్తిరించుకున్నారు. తుపాకులు పేలాయి. సంస్కరణలు కోరిన పండితులే దీని వెనక ఉన్నారని పట్టుకెళ్లారు. త్రాన్ క్వీ కాప్‌కు మరణశిక్ష వేశారు. ఫాన్ చావ్ త్రిన్‌ను పులో కొండోర్ దీవి జైలుకు పంపారు. ఈ ఫాన్ చావ్ త్రిన్ రెండేళ్ల ముందే గవర్నర్ జనరల్‌కు బహిరంగ లేఖ రాసి, మాండరిన్‌లు జనాన్ని పీడిస్తున్నారు, మీరు చెప్పే నాగరికత, న్యాయం నిజంగా అమలు చేయండి అని అడిగిన మనిషి. ఆయుధం వద్దన్నవాడు, ఫ్రాన్సు మాటను నమ్మినవాడు. ఆయన్నే జైల్లో పెట్టాక, జపాన్ వెళ్లి సాయుధ సాయం కోసం తిరుగుతున్న ఫాన్ బోయ్ చావ్ మాటే యువకులకు సబబుగా తోచిందంటే తప్పు వాళ్లది కాదు.

ఇక్కడిదాకా వియత్నామీల గురించే చెప్పాను. చుట్టుపక్కల జాతుల అనుభవం దీనికి భిన్నం. వాళ్ల మీద పెత్తనం చేసిన మొహాల్లో ఫ్రెంచివాడి మొహం ఒక్కటే లేదు. కంబోడియా, లావోస్ కచేరీల్లో గుమాస్తాలుగా, కస్టమ్స్ ఉద్యోగులుగా, పోలీసులుగా వియత్నామీలను తెచ్చి పెట్టారు. వాళ్లకు చదువుంది, ఫ్రెంచి వచ్చు, జీతం తక్కువ. ఖ్మేర్ (కంబోడియా) రైతుకు పన్ను రసీదు రాసిచ్చేది వియత్నామీ గుమాస్తా. అంతకు ముందు శతాబ్దంలో వియత్నాం చక్రవర్తులు కంబోడియాను మింగబోయిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ పుండు మీద రోజూ కారం చల్లినట్టయింది. 1940ల నాటికి వియంటియాన్ నగర జనాభాలో సగానికి పైగా వియత్నామీలే.

కంబోడియాలో పన్నులు అసలే భారం. 1884లో కొచ్చిన్‌చైనా గవర్నర్ థామ్సన్ రాజభవనానికి సైనికులతో వచ్చి, పన్నులు, కస్టమ్స్, పరిపాలన అన్నీ అప్పగించే కాగితం మీద నరోదం చేత సంతకం పెట్టించాడు. మరుసటి ఏడాది దేశమంతా తిరగబడింది, అణచడానికి ఏడాదికి పైగా పట్టింది. 1916లో వేలాది రైతులు ఫ్నోంపెన్‌కు నడిచొచ్చి పన్నులు, వెట్టి తగ్గించమని రాజు సిసొవాత్‌కు మొరపెట్టుకున్నారు.

1925 ఏప్రిల్ 18న జరిగినది మరీ దగ్గరగా చూడాల్సిన ఘటన. కొంపాంగ్ ఛ్నాంగ్ రెసిడెంటు ఫెలిక్స్ బార్డెజ్ పన్ను వసూళ్లలో గట్టివాడని పేరు తెచ్చుకున్నాడు. ఖ్మేర్ కొత్త సంవత్సరం పండగ రోజుల్లో, బకాయిలు వసూలు చేయడానికి క్రాంగ్ లియెవ్ అనే ఊరికి వెళ్లాడు. వెంట ఒక దుబాసీ, ఒక మిలీషియా సిపాయి. కట్టలేమన్నవాళ్లను బంధించి కూర్చోబెట్టాడు, విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. జనం ఆగ్రహంతో మీదపడ్డారు. ముగ్గురూ చనిపోయారు. కేసు నడిచినప్పుడు డిఫెన్సు లాయర్లు పన్నుల భారం గురించి మాట్లాడబోతే, ఇది మామూలు దొంగల పని అని ప్రభుత్వం నిలబెట్టాలని చూసింది. రాజాజ్ఞతో ఆ ఊరి పేరే మార్చేశారు. కొత్త పేరుకు అర్థం ‘పశువు’. పన్ను తగ్గించమని అడిగిన ఊరికి దక్కిన బిరుదు అది.

లావోస్ కొండల్లోనూ ఇదే వరస. బొలొవెన్ పీఠభూమిలో 1901లో ఒంగ్ కెయో నాయకత్వంలో మొదలైన తిరుగుబాటు, ఆయన చనిపోయాక కూడా కొమ్మదాం చేతిలో 1936 దాకా మండుతూనే ఉంది. ఉత్తరాన హ్మోంగ్ ప్రజలు 1918 నుంచి 1921 దాకా పా చాయ్ వెనక నడిచారు. రాజధానిలో కూర్చుని చూసేవాళ్లకు ఇవి మూఢనమ్మకాలతో రేగిన అల్లర్లు. పన్ను చీటీ పట్టుకుని చూస్తే అంతా తేటతెల్లం.

ఈ పెత్తనపు నిచ్చెన మీద మన వైపు మనుషులు కూడా ఉన్నారు. పుదుచ్చేరి, కారైకాల్ నుంచి వెళ్లిన ఫ్రెంచి ఇండియా వాసులు, ముఖ్యంగా 1881 డిక్రీ కింద సొంత సంప్రదాయ చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వచ్చినవాళ్లు, సైగాన్‌లో పన్ను వసూలుదారులుగా, పోలీసులుగా, గుమాస్తాలుగా చేశారు. వాళ్లకు ఓటుంది. సొంత గడ్డ మీదున్న వియత్నామీకి లేదు. బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లిన చెట్టియార్లు అక్కడ వడ్డీవ్యాపారం చేశారు. యానాంతో సహా ఫ్రెంచి ఇండియాకు రూపాయి నోట్లు, సైగాన్‌కు పియాస్టర్ నోట్లు వేసింది కూడా ఒకే సంస్థ, 1875లో పెట్టిన బ్యాంక్ ఆఫ్ ఇండోచైనా. వియత్నామీల పత్రికల్లో భారతీయుల మీద కోపం కనిపిస్తే దాన్ని జాతి ద్వేషమని కొట్టిపారేయలేం. ఓటు ఎవరికుందో, వసూలు ఎవరు చేస్తున్నారో వాళ్లు చూస్తూనే ఉన్నారు.

అభివృద్ధి మాటేమిటని అడిగితే, మెకాంగ్ డెల్టాను చూపించవచ్చు. కాలువలు తవ్వారు. 1880లో సుమారు 5 లక్షల హెక్టార్లున్న వరిసాగు 1930ల చివరికి 22 లక్షలు దాటింది. ప్రపంచంలో బియ్యం ఎగుమతి చేసే పెద్ద ప్రాంతాల్లో ఒకటైంది. కానీ కొత్త భూమి పెద్ద కమతాలుగా ఫ్రెంచి కంపెనీలకు, వాళ్లతో పరిచయాలున్న కామందులకు పోయింది. దున్నినవాడు కౌలుదారు. పంటలో సగం దాకా కౌలుకే పోయేది, మిగిలిన దాంట్లోంచి అప్పు తీర్చాలి. ఎర్రనేలల్లో రబ్బరు తోటలకు టోంకిన్ నుంచి మూడేళ్ల కాంట్రాక్టు మీద కూలీలను తెచ్చారు. మలేరియా, కొరడా, పారిపోతే జైలు. ఆ కూలీలను పంపే రిక్రూటర్ బాజాన్‌ను 1929లో హనోయి వీధిలో కాల్చి చంపారు. 1930 ఫిబ్రవరిలో మిషలాన్ కంపెనీ ఫూ రియెంగ్ తోటలో సమ్మె జరిగింది. అదే నెలలో యెన్ బాయ్‌లో ఫ్రెంచి సైన్యంలోని వియత్నామీ సైనికులు తిరగబడ్డారు, దాన్ని నడిపించిన జాతీయవాద పార్టీ నాయకుడు న్గుయెన్ థాయ్ హోక్‌తో పాటు పన్నెండుమందికి జూన్‌లో గిలటిన్ వేశారు. సెప్టెంబరులో న్గె ఆన్ దగ్గర ఊరేగింపుగా వస్తున్న రైతుల మీద విమానాల నుంచి బాంబులు వేశారు.

కట్టినవాటి విలువ ఎంతో తేల్చడానికి నాకు 1945 చాలనిపిస్తుంది. 1940లో జపాన్ సైన్యం వచ్చింది. ఫ్రెంచి అధికారులు కుర్చీల్లో అలాగే ఉండి, జపాన్ సైన్యానికి కావాల్సిన బియ్యాన్ని రైతుల దగ్గర కారుచౌకగా బలవంతంగా సేకరించారు. ఉత్తరాన కొన్నిచోట్ల వరి తీసేయించి జనుము వేయించారు. 1944 చివర్లో తుపాన్లకు పంట పోయింది. దక్షిణాన బియ్యం ఉంది, 1936లో పూర్తయిన సైగాన్-హనోయి రైలుమార్గం ఉంది. అమెరికన్ బాంబులకు ఆ దారి తెగిపోయింది. ఉత్తరం నుంచి బొగ్గు రాక సైగాన్ విద్యుత్ కేంద్రంలో ధాన్యాన్ని కాల్చారు. అదే సమయంలో టోంకిన్ రోడ్ల పక్కన జనం ఆకలికి చనిపోయారు. చనిపోయినవాళ్లు 4 లక్షల నుంచి 20 లక్షల దాకా ఉంటారని రకరకాల అంచనాలు. యుద్ధం, తుపాను ఎవరి చేతుల్లోనూ లేవు. అయితే టోంకిన్ పల్లెలో ఒక పంట పోతే తట్టుకునే గింజ కూడా మిగలకుండా యాభై ఏళ్లపాటు పిండింది మాత్రం పాలనే. హో చి మిన్ నాయకత్వంలోని స్వాతంత్ర్య ఉద్యమ సంస్థ వియెట్ మిన్ అప్పుడు ఇచ్చిన నినాదం సిద్ధాంతం గురించి కాదు, బియ్యం గిడ్డంగులు బద్దలు కొట్టమని. ఆ ఏడాది సెప్టెంబరు 2న హో చి మిన్ చదివిన స్వాతంత్ర్య ప్రకటనలో నల్లమందు, సారా ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. వినేవాళ్లకు దాన్ని వివరించాల్సిన పని లేకపోయింది.

ఫ్రాన్సు తిరిగొచ్చి తొమ్మిదేళ్లు యుద్ధం చేసింది. అప్పుడు కూడా డబ్బు గొట్టం ఒకవైపే పారింది. పియాస్టర్‌కు అధికారికంగా 17 ఫ్రాంకులు ఇచ్చేవారు, బజారులో దాని విలువ అందులో సగం. సైగాన్‌లో చౌకగా కొని పారిస్‌లో మార్చుకున్నవాళ్లు లాభాలు గడించారు. 1953 మేలో పారిస్ ఆ రేటును ఒక్కసారిగా 10కి తగ్గించినప్పుడు, స్వతంత్రమని తామే చెబుతున్న వియత్నాం, కంబోడియా, లావోస్ ప్రభుత్వాలను ముందుగా సంప్రదించలేదు. మరుసటి ఏడాది మే 7న ఫ్రెంచి సైన్యపు దియెన్ బియెన్ ఫు కోట వియెట్ మిన్ చేతికి చిక్కింది. జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి చేతుల్లోంచి బయటపడింది, నవంబరు 1న పుదుచ్చేరి భారత్ పాలనలోకి వచ్చింది. డిసెంబరు ఆఖరుకు ఇండోచైనా ఉమ్మడి నోట్ల సంస్థను రద్దు చేశారు. కంబోడియా, లావోస్, దక్షిణ వియత్నాం ఎవరి బ్యాంకు వాళ్లు పెట్టుకుని, ఎవరి నోట్లు వాళ్లు అచ్చువేసుకోవడం మొదలుపెట్టారు.